రెండూళ్ల మెకానిక్

రామలింగప్ప అంగడి గోడకు కాలిపోయిన బోరు మోటార్లు వరసగా ఆనించి ఉండేవి. ప్రతి మోటారు మీద సుద్దముక్కతో రాసిన నంబరు. ముందొచ్చిన దాన్ని ముందు విప్పుతాడు, వెనకొచ్చిన దాన్ని వెనక. కోడుమూరుకు పడమర, మూడు దోవలు కలిసే క్రాస్ దగ్గర అంగడి పెట్టిన ఇరవై ఆరేళ్లలో ఆ వరస ఎవరికోసమూ మార్చలేదు.

ఒక ఎండాకాలం బండమీదిపల్లె వీరభద్ర చీనీ తోటలో బత్తాయి చెట్లకు నీళ్లిచ్చే మోటారు కాలింది. ఆ ఊరి భూమిలో సగం వీరభద్రది, మిగతా సగం మీద పెత్తనం వీరభద్రది. జీపులో మోటారు తెచ్చిన మనుషులకు రామలింగప్ప అయిదో నంబరు వేశాడు. ముందున్న నాలుగింటిలో ఒకటి కూలికి పోయే మనిషిది. వాళ్లు గొంతు పెంచారు. ఫోను కలిపి రామలింగప్ప చెవి దగ్గర పెట్టారు.

"ఏమప్పా, నీ వరస వచ్చేదాకా నా చెట్లు బతికుంటాయా?" అన్నాడు వీరభద్ర.

"ఉండవన్నా. అందుకే అంగడి మోటారు పంపిస్తాండా. మీది బాగయ్యేదాకా అది నడుపుకోండి."

 అవతల నవ్వు వినిపించింది. "సరే, నీ ఇష్టం కానీ."

అంగడి మోటారు అంటే రామలింగప్ప సొంత మోటారు. అలాంటివి మూడున్నాయి అతని దగ్గర. రైతు మోటారు రిపేరులో ఉన్న మూడు నాలుగు రోజులు వాటిలో ఒకటి ఆ బోరులోకి దిగుతుంది. బాగు చేసినది తీసుకెళ్లి దింపి, తనది పైకి లాక్కొస్తాడు. ఈ ఏర్పాటు వల్లే వరస నిలబడింది. పైరు ఎండదు కాబట్టి తొందర ఉండదు, తొందర లేదు కాబట్టి పెద్దరికం అక్కర్లేదు.

రామలింగప్పది ఎమ్మిగనూరు. తాత తండ్రులు మగ్గం మీద బతికారు. మగ్గం తిండి పెట్టడం మానేసిన రోజుల్లో అతను డోన్‌లో ఒక మోటారు షాపులో చేరి రాగి తీగ చుట్టడం నేర్చుకున్నాడు. నూలు పట్టిన వేళ్లు కాబట్టి తీగ లెక్క తప్పేది కాదు. క్రాస్ దగ్గర స్థిరపడ్డాక కూడా చుట్టూ ఉన్న బండమీదిపల్లె, ఎగువదొడ్డి రెండు ఊళ్లలో దేనిలోనూ ఇల్లు కట్టలేదు, ఓటు నమోదు చేయించుకోలేదు. ఇక్కడ తన కులపోళ్లు ఒక్క గడప లేరు. పెళ్లికి పిలిస్తే రెండు ఊళ్లకూ పోయి భోంచేసి వచ్చేవాడు. గొడవల ముచ్చట ఎవరు ఎత్తినా "నాకు బోరు లోతు చెప్పప్పా, మిగతావి నాకేంటికి" అనేవాడు. భార్య గంగాదేవి అంగడి వెనక గదిలోనే వండి పెట్టేది. పైపులు లాగడానికి, మోటార్లు మోయడానికి ఏసేపు ఉండేవాడు. నలభై దాటిన మనిషి, బండమీదిపల్లె కాలనీలో పుట్టినవాడు. పదిహేనేళ్ల క్రితం భార్య జీవమ్మను తీసుకొని క్రాస్‌కు వచ్చి అంగడి పక్కనే రేకుల ఇల్లు వేసుకున్నాడు.

బండమీదిపల్లెకు, దానికి ఆరు కిలోమీటర్ల పైనున్న ఎగువదొడ్డికి మధ్య ఒక గుట్ట ఉంది. ఆ గుట్ట మీద గాలిమరలు నిలబెట్టడానికి ఒక కంపెనీ వచ్చింది. మరలకు రోడ్డు కావాలి, రోడ్డుకు గ్రావెల్ కావాలి, గ్రావెల్‌కు టిప్పర్లు కావాలి. టిప్పర్లు ఎవరివి తిరగాలన్న దగ్గర పాత పగ లేచింది. ఎగువదొడ్డిలో ఓబులేష్ మాటే మాట. పోయిన డిసెంబరులో గ్రావెల్ గుంత దగ్గర ఓబులేష్ మనుషులు వీరభద్ర బావమరిదిని నరికారు. ఆసుపత్రికి తీసుకుపోయే దారిలో అతను చనిపోయాడు.

పోలీసులు క్రాస్ దగ్గర పికెట్ పెట్టారు. రామలింగప్ప అంగడి చూరు కిందే నాలుగు కుర్చీలు వేసుకున్నారు. ఇక నేరుగా కొట్టుకోవడం కుదరలేదు. అప్పుడు వీరభద్రకు రోడ్డు గుర్తొచ్చింది. ఎగువదొడ్డికి ఏది పోవాలన్నా బండమీదిపల్లె మీదుగానే పోవాలి. ఊరి చివర కల్వర్టు మీద అయిదుగురిని కూర్చోబెట్టాడు. ఎగువదొడ్డికి పోయే ప్రతి బండీ అక్కడ ఆగి, ఏం తీసుకుపోతోందో చూపించాలన్నాడు. ఎరువులు, డీజిలు, పైపులు, మోటార్లు పోకూడదు. నీళ్లు లేక పైరు ఎండితే ఓబులేష్ వెనకున్న వాళ్లే అతన్ని వదిలేస్తారని అతని లెక్క.

రెండు రోజులకు ఎగువదొడ్డి నుంచి జవాబు వచ్చింది. కల్వర్టు దగ్గర ఆగి సరుకు చూపించిన ఏ బండినీ తమ ఊళ్లోకి రానివ్వమని ఓబులేష్ చాటించాడు.

ఈ రెండు మాటల మధ్య ఎవరికి దారి మిగిలింది? పాల వ్యాను ఆగితే ఎగువదొడ్డిలో టైర్లు కోస్తారు, ఆగకపోతే కల్వర్టు మీద అద్దాలు పగలగొడతారు. వ్యాను అతను నాలుగు రోజులు చూసి ఆ దారే మానుకున్నాడు. ఎరువుల ఆటో అతను కల్వర్టు దగ్గర ఆగాడు, అక్కడే దెబ్బలు తిన్నాడు. వీరభద్ర మీదగానీ ఓబులేష్ మీదగానీ ఒక్క రాయి పడలేదు.

పికెట్‌లో జయపాల్ అనే కానిస్టేబుల్ రోజంతా ఫోనులో వార్తలు చూసేవాడు. ఒక మధ్యాహ్నం తల ఎత్తకుండానే అన్నాడు.

"రామలింగప్పా, యాడో సముద్రంలో ఓడలు ఆపుతాండారంట. కొట్టుకునేటోళ్లు ఒకరు, ఓడలు ఇంకొకరివి."

"ఓడలోళ్లు ఏం చేస్తాండారు సార్?"

"మొదట కాయితాలు చూపిచ్చినారంట. ఇప్పుడు వాళ్లూ ఫిరంగులు తెచ్చుకుంటాండారంట."

"ఆడ కల్వర్టు కాడ మీరు కూసోకూడదా సార్?" అన్నాడు రామలింగప్ప, చేతిలో తీగ ఆపకుండా.

"మాకు క్రాస్ అని రాసిచ్చినారప్పా. కల్వర్టు మా కాయితంలో లేదు."

ఫిబ్రవరి మొదటి వారంలో భీమక్క వచ్చింది. ఎగువదొడ్డిలో రెండెకరాల మనిషి, మొగుడు లేడు. ఆ రెండెకరాల్లో వేరుశనగ వేసింది. కాలిన మోటారును గోనెసంచుల కింద దాచి, కూలీల ఆటోలో కాళ్ల కింద పెట్టుకొని తెచ్చింది.

"బుడ్డలు ఊడలు దిగే టైము నాయనా. వారం నీళ్లు లేకుంటే కసువు పీకినట్ల పీకి పారేయాల. నాకు పార్టీ లేదు, పగ లేదు. నీ అంగడి మోటారు ఒకటి దింపు."

రామలింగప్ప ఆమె మోటారు మీద మూడో నంబరు వేశాడు. ట్రాలీ ఆటోలో తన మోటారు, క్లాంపులు, తాడు వేసుకొని ఏసేపుతో బయలుదేరాడు. కల్వర్టు దగ్గర ఆపారు.

"ఎవురిది మోటారు?"

"నాదే. అంగడి మోటారు. మీ ఊర్లో పది బోర్లలో దిగింది ఇది. సూడండి, నా పేరే రాసుండాది."

"పేరు నీదేలే. నీళ్లు ఎవురికి?"

"భీమక్కకు. ఆయమ్మకు ఈ గొడవ ఏం తెలుసు?"

ఆ అయిదుగురిలో పెద్దవాడు మోటారు మీద కాలు పెట్టాడు. "ఆ నీళ్లకు బుడ్డలు కాస్తాయి. ఆ బుడ్డలు అమ్మిన దుడ్లు ఊరి చందాలో పడతాయి. ఆ చందాతో వాళ్లు లాయరును పెట్టుకుంటారు. తెలుసా నీకు?"

"అట్ల లెక్కేస్తే ఆయమ్మ తినే ముద్ద కూడా ఆపాల కదప్పా."

"ఆపుతాం. నెమ్మదిగా."

అందరూ నవ్వారు. మోటారు దించి కల్వర్టు గోడకు ఆనించి, ట్రాలీని వెనక్కి తిప్పించారు.

రామలింగప్పకు కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువగా కలిగింది. తన పేరు రాసిన మోటారును తన కళ్ల ముందే దించేసుకోవడం అతనికి కొత్త. మరుసటి రోజు పొద్దున్నే వీరభద్ర ఇంటికి పోయాడు. వీరభద్ర గౌరవంగా కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు. బావమరిది ఫొటోకు ఆ పొద్దున వేసిన దండ ఇంకా వాడలేదు.

"నీ మీద నాకేమీ లేదప్పా. నీ వరస నేను ఒప్పుకున్నోణ్ణి. నువ్వు ఒక పని చెయ్యి. ఆ ఊరికి ఏ మోటారు పోయినా మొదట ఈడికి రావాల. ఎవరిదో, ఏ పొలానికో నాకు తెలియాల. చిన్నచితకోళ్లవి వదులుతా. ఓబులేష్ గాడివి, వాని వెనక తిరిగేటోళ్లవి వదలను." టేబుల్ మీది లెటర్‌ప్యాడ్ లాగి నాలుగు ముక్కలు రాసి, సంతకం చేసి, ముద్ర వేసి ఇచ్చాడు. "ఈ చీటీ చూపిస్తే నిన్ను ఆపే మొగోడు లేడు."

ఈ ప్రాంతంలో పెద్దమనిషి చీటీ అంటే చిన్న సంగతి కాదు. ఆసుపత్రిలో మంచం దొరకాలన్నా, స్టేషన్లో కూర్చోబెట్టిన కొడుకు ఇంటికి రావాలన్నా, రేషను కార్డులో పేరు ఎక్కాలన్నా జనం చీటీ కోసమే తిరుగుతారు. దొరికితే ఎవరూ వద్దనరు. పని అయిపోయాక కూడా చింపరు, పెట్టెలో దాచుకుంటారు. రామలింగప్ప కూడా చేతులు జోడించి తీసుకున్నాడు. అందులో ఏం రాసి ఉందో బయటికి వచ్చాక చదివాడు. 'రామలింగప్ప మన మనిషి. బండి వదలవలెను.'

ఇంటికి రాగానే గంగాదేవికి చూపించాడు.

"నువ్వు ఎప్పుడు అయినావు ఆయన మనిషివి?" అంది ఆమె.

"మాటవరసకు రాసినాడు లేవే. బండి వదిలితే చాలు మనకు."

"బండి వదలమని రాస్తే చాలు కదా. మన మనిషని ఏంటికి రాయాల? చింపి పొయ్యిలో ఎయ్యి. ఆ మోటారు పోతే పోయింది."

"భీమక్క సేను ఎండిపోతాది."

"ఎండితే వాళ్లిద్దరి మొగానే ఎండనీ. నువ్వు ఎవురి చీటీ పట్టుకున్నా ఇంకొకరికి పగోడివే." 

అతను వినలేదు. చీటీ మడిచి చొక్కా జేబులో, ఫోను వెనక పెట్టుకున్నాడు.

కల్వర్టు దగ్గర చీటీ పనిచేసింది. మోటారును వాళ్లే ఎత్తి ట్రాలీలో పెట్టారు. భీమక్క చేనుకు చేరేసరికి పొద్దు నెత్తికెక్కింది. ఆకులు అప్పటికే ముడుచుకొని ఉన్నాయి. ఏసేపు, అతను కలిసి మోటారుకు పైపు బిగించారు. భీమక్క టెంకాయ కొట్టి, మోటారుకు కుంకుమ పెట్టింది. అయిదు వందల ఎనభై అడుగులు దింపి, బోరుకు తొడిగిన కేసింగ్ మూతి దగ్గర, పైపును పట్టి ఉంచే క్లాంపు బిగించి స్టార్టర్ నొక్కారు. ముందు గాలి, తర్వాత ఎర్రనీళ్లు, ఆ తర్వాత తేట నీళ్లు పడ్డాయి. భీమక్క కాలువలో నిలబడి పాదాలు తడుపుకుంది.

నీళ్లు రెండో మడికి ఎక్కే లోపలే ఓబులేష్ మనుషులు మూడు బైకుల మీద వచ్చారు. వెనక బైకు మీద ఓబులేష్ కూడా ఉన్నాడు. తెల్లచొక్కా, మెడలో కండువా, మాట మెత్తన.

"కల్వర్టు మీద ఆగినావా రామలింగప్పా?"

"ఆపితే ఆగినాన్నా. ఆగకుంటే ఎట్లొస్తాను?"

"ఆపినోళ్లు ఎట్ల వదిలినారు? ఎరువులోణ్ణి వదల్లేదే. జేబులో ఏముండాది?"

అతను చెప్పే లోపలే ఒకడు చెయ్యి పెట్టి ఫోనుతో పాటు చీటీ లాగాడు. ఓబులేష్ దాన్ని విప్పి గట్టిగా చదివాడు. చదివి, చుట్టూ ఉన్నవాళ్లకు ఇచ్చాడు. వాళ్లు ఒకరి తర్వాత ఒకరు చదివారు.

"అన్నా, నేను ఎవురి మనిషినీ కాదు. బండి రావడానికి తీసుకున్నా, అంతే. మీరు ఇంకో చీటీ రాసియ్యండి, రెండూ పెట్టుకుంటా."

"ఇద్దరి మనిషివా?" ఓబులేష్ చిరునవ్వు నవ్వాడు. "వాని సంతకం మోసిన మోటారు మా నేలలో తిరగదు. పైకి తియ్యి."

భీమక్క అడ్డం వచ్చింది. "ఓబులేషూ, నా సేను ఎండితే నీకేమొస్తాది రా? నీకు ఓటేసినా. నీ చందా ఇచ్చినా. ఈ మోటారు వానిదైతే నీళ్లు నావి కాదా?"

"నీకు నష్టపరిహారం ఇప్పిస్తా లేమ్మా. ఇది ఊరి మాట."

"ఊరు తింటాదా నా నష్టం?"

 దింపిన మోటారును దింపినవాళ్ల చేతనే లాగించారు. అయిదు వందల ఎనభై అడుగుల పైపు, నీళ్ల బరువుతో సహా, రామలింగప్ప, ఏసేపు మళ్లీ పైకి లాగారు. ఓబులేష్ మనుషులు చెయ్యి వెయ్యలేదు, గట్టు మీద కూర్చొని చూశారు. మోటారు పైకి వచ్చాక దాని మీద పెద్దరాయి ఎత్తేశారు. రెండో దెబ్బకు బాడీ పగిలింది. భీమక్క బోరు మూతి దగ్గరే కూలబడి తల కొట్టుకుంది. రామలింగప్ప తిరిగి బయలుదేరేటప్పుడు ఆమె అతన్ని ఒక్క మాట అడిగింది. "నువ్వు ఆ చీటీ ఏంటికి తెచ్చుకుంటివి నాయనా?" 

దారి పొడవునా రామలింగప్ప దానికి జవాబు వెతుక్కున్నాడు. చీటీ లేకుండా పోయినా మోటారు దిగేది కాదు. తప్పు తనది కాదని అనుకోవడానికి అది చాలాలి. చాల్లేదు.

తర్వాతి దెబ్బ బండమీదిపల్లె నుంచి వచ్చింది. వీరభద్ర మనుషులు అంగడికి వచ్చి ఏసేపును రమ్మన్నారు. మోటారు పగిలిన సంగతి వాళ్లకు తెలుసు. దాన్ని గురించి ఒక్క మాట అడగలేదు.

"గ్రావెల్ గుంత కాడ కాపలాకు మనుషులు తక్కువైనారు. ఊర్లో ఇంటికొకరు వస్తాండారు. నువ్వూ రావాల."

"నేను ఊర్లో లేను కదన్నా," అన్నాడు ఏసేపు. "పదిహేనేండ్లాయె. కార్డు ఈడిదే, ఓటూ కోడుమూరులోనే."

"పుట్టింది యాడ?"

"కాలనీలో."

"మీ నాయనను పూడ్సింది యాడ?"

ఏసేపు చేతిలోని పైపు కింద పెట్టాడు.

"మరి ఇంకేంది? కార్డు మారితే ఊరు మారుతుందా? కాలనీలో మీ యమ్మ ఇంకా ఉండాది కదా. ఆయమ్మకు నీళ్లు పట్టుకోవడానికి కొళాయి కావాల కదా?"

రామలింగప్ప లేచి అడ్డు నిలబడ్డాడు. "వాడు నా కాడ పనోడప్పా. నాకు ఇంకెవురూ లేరు పైపు లాగడానికి."

"నీది చిన్న పని. ఊరి పని పెద్దది."

జయపాల్ ఆ పక్క కుర్చీలోనే ఉన్నాడు. జీవమ్మ అతని దగ్గరికి పరిగెత్తింది. అతను లేచి, "ఏమయ్యా, బలవంతమేమైనా ఉందా?" అని ఏసేపును అడిగాడు. ఏసేపు తన తల్లిని తలుచుకొని, లేదని తల ఊపాడు. జయపాల్ మళ్లీ కూర్చున్నాడు, ఏసేపు వాళ్ల వెంట పోయాడు.

ఆ తర్వాత తొమ్మిదో రోజు గ్రావెల్ గుంత దగ్గర రెండు వర్గాలూ ఎదురుపడ్డాయి. మధ్యాహ్నం పన్నెండు గంటల వేళ, టిప్పర్లు నిండుతున్న సమయం. వీరభద్ర మనుషులకు జీపులున్నాయి, ఎక్కి పోయారు. ఏసేపు చేతిలో కర్రతో గుంతలో మిగిలాడు. ఎగువదొడ్డివాళ్ల కొడవలి అతని కుడి భుజం మీద పడింది. కర్నూలు ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టారు. ఆ చెయ్యి మాత్రం ఇక లేవదన్నారు. వీరభద్ర మనిషి ఒకడు పండ్లు తీసుకొని వచ్చి చూసిపోయాడు. ఓబులేష్ వైపు నుంచి, ఆ మనిషి క్రాస్ ఏసేపని తెలియక జరిగిందని కబురు వచ్చింది.

వార్డు బయట జీవమ్మ రామలింగప్పను నిలేసింది. 

"నరికినోళ్లు ఆ ఊరోళ్లు. తీసుకపోయినోళ్లు ఈ ఊరోళ్లు. నీకు ఇద్దరూ మంచోళ్లే కదా అప్పా. ఇప్పుడు చెప్పు, నేను ఎవుర్ని తిట్టాల?"

ఇరవై ఆరేళ్లు ఎవరి జోలికీ పోని మనిషి ఆ ప్రశ్నకు జవాబు వెతకడం మొదలుపెట్టాడు. ఆ వెతకడంలోనే అతను మారిపోయాడు. ఇద్దరూ సమానంగా చెడ్డవాళ్లయితే ఏమీ చెయ్యలేడు. ఏదో ఒకటి చెయ్యాలంటే ఒకరు ఎక్కువ చెడ్డవాళ్లు కావాలి. మోటారు పగలగొట్టింది ఓబులేష్. అయితే కల్వర్టు పెట్టింది, చీటీ రాసింది, ఏసేపును ఇంటి ముందు నుంచి తీసుకుపోయింది వీరభద్ర. కాఫీ ఇచ్చి, గౌరవించి, అడగకుండానే మనిషిని సొంతం చేసుకున్నాడు. మోటారు పగలగొట్టిన వాడి కన్నా వాడి మీదే కోపం ఎక్కువైంది. అది న్యాయమైన లెక్క కాదని అతనికి తెలుసు. మనసు ఒప్పుకున్న లెక్క మాత్రం అదే.

గుట్ట వెనక కాలిబాటన నడిచి ఎగువదొడ్డికి పోయాడు. ఓబులేష్ ఇంటి అరుగు మీద కూర్చొని చెప్పాడు.

"వీరభద్రకు చీనీ తోటలో బోర్లు ఏడు. నాలుగింటికే నీళ్లు. ఏది ఎంత లోతో, ఏ క్లాంపు ఎట్లుండాదో నాకు తెలుసు. దింపింది నేనే."

ఓబులేష్ ముందుకు వంగాడు. "నువ్వేనా ఈ మాట అనేది?"

"నేనే."

"మనుషుల్ని ఇస్తా. నువ్వు రావాల ముందర."

శివరాత్రి మరుసటి రోజు బండమీదిపల్లె జనమంతా జాగారం చేసి ఇళ్లలో నిద్రపోతున్నారు. ఉదయం పది గంటలకు రామలింగప్ప పద్నాలుగు మందితో చీనీ తోటలోకి నడిచాడు. పని చాలా తేలిక. కేసింగ్ మూతి మీది క్లాంపుకు రెండే బోల్టులు. అవి విప్పి, తాడు కోస్తే పైపు, కేబులు, మోటారు మొత్తం ఒకేసారి లోపలికి పోతాయి. దింపడానికి పూట పట్టేది, పడెయ్యడానికి నిమిషం చాలింది. మొదటి బోరులో మోటారు అడుగుకు తగిలిన శబ్దం చాలాసేపటికి పైకి వచ్చింది. వెంట వచ్చినవాళ్లు కేకలు వేశారు. రామలింగప్ప రెండో బోరు దగ్గరికి పోయాడు.

నాలుగూ అయ్యాక వెనక్కి పోదామన్నాడు. వాళ్లు వినలేదు. ఎట్లా విప్పాలో అప్పటికి చూసి నేర్చుకున్నారు. తోట దాటి పక్క చేన్లలోకి దిగారు. అవి వీరభద్రవి కావు, ఎకరా రెండెకరాల వాళ్లవి.

"అవి వద్దప్పా, వాళ్లకేం సంబంధం లేదు!" రామలింగప్ప అరిచాడు.

"బండమీదిపల్లెలో ఉండేటోళ్లకు సంబంధం లేకుండా ఎట్ల ఉంటాది?" అన్నాడు ఒకడు స్పానరు తిప్పుతూ. కల్వర్టు మీద విన్న మాటే వేరే ఊరి గొంతులో.

అయ్యన్న అనే రైతు మిరప చేనులో ఉన్నాడు. కాయ కోతకు వచ్చిన పైరు. అతను పరిగెత్తుకొచ్చి క్లాంపును రెండు చేతులా పట్టుకున్నాడు. వాళ్లు అతన్ని పక్కకు లాగి పడేశారు. పడ్డవాడు లేచి, వాళ్లను వదిలేసి రామలింగప్పనే చూశాడు.

"నువ్వా రామలింగప్పా? నువ్వు దింపింది నువ్వే పడేస్తాండావా?"

ఆ పూట మొత్తం పదిహేను బోర్లు పోయాయి. వీరభద్రవి నాలుగు. మిగతా పదకొండింటి రైతులు ఆ తర్వాతి వారంలో, చేన్లు ఎండుతుండగా, వీరభద్ర వెనక చేరారు. అంతకుముందు వాళ్లలో సగం మంది అతనికి దూరంగా ఉన్నవాళ్లే. నెల లోపల ఎగువదొడ్డిలో గడ్డివాములు కాలాయి, ఇద్దరు చచ్చిపోయారు. బండమీదిపల్లెవాళ్లు క్రాస్ దగ్గర అంగడిని పగలగొట్టి, గోడకు ఆనించిన మోటార్లను రోడ్డు మీద పరిచారు. పికెట్‌ను ఆ ముందు రోజే ఎత్తేశారు.

బోర్లు పడేసిన కేసులో మొదటి ముద్దాయి రామలింగప్ప. బోరు పని తెలిసిన మెకానిక్ నడిపించాడని అందరూ చెప్పారు కాబట్టి ఆ పేరు రాయడం సులువైంది. ఓబులేష్ పేరు తొమ్మిదోది. జైల్లో నలభై రెండు రోజులు ఉన్నాడు రామలింగప్ప. గంగాదేవి ఎమ్మిగనూరులో తమ్ముడి ఇంటికి చేరింది. చూడ్డానికి వచ్చినప్పుడు చీటీ సంగతి ఎత్తలేదు. ఎత్తి ఉంటే అతనికి కొంత తేలికగా ఉండేది.

మే నెలలో కంపెనీవాళ్లు కర్నూలు హోటల్లో ఇద్దరినీ కూర్చోబెట్టారు. గ్రావెల్ టిప్పర్లు సగం వీరభద్రవి, సగం ఓబులేష్‌వి. రెండు గంటల్లో తగువు తెగిపోయింది. కల్వర్టు మీద మనుషులు లేచిపోయారు. పాల వ్యాను మళ్లీ తిరగసాగింది.

బెయిలు మీద బయటికి వచ్చాక మొదటి వాయిదా రోజున, కోర్టు వరండాలో రామలింగప్పకు ఇద్దరూ ఒకే కారు దిగుతూ కనిపించారు. వీరభద్ర అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"చిక్కిపోయినావప్పా. జరిగిందేదో జరిగిపాయె. మా మా కేసులు రాజీ చేసుకుంటాండాం."

"నాది?"

"నీదీ చేస్తాం," అన్నాడు ఓబులేష్. "భద్రన్న ఒక మాట అడుగుతాండాడు. ఆయన తోటలో పడిపోయిన నాలుగు మోటార్లు నువ్వే పైకి తియ్యాల. బయటోళ్లు గాలం వేస్తే పైపు తెగుతాది. ఏది యాడ పడిందో నీకే తెలుసు."

"మిగతా పదకొండు?"

వీరభద్ర తన లాయరు వైపు తిరిగాడు.  ఓబులేష్ చెప్పాడు. "అవి ఈ రాజీలో లేవప్పా. ముందు ఇవి కానీ."

రామలింగప్ప ఒప్పుకున్నాడు. ఒప్పుకోకపోతే మొదటి ముద్దాయిగానే మిగులుతాడు. 

జూన్‌లో ఒక ఉదయం చీనీ తోటలో మొదటి బోరు దగ్గర మూడుకాళ్ల స్టాండు నిలబెట్టాడు. ఏసేపు లేడు. వీరభద్ర ఇచ్చిన కూలీలు ఇద్దరు తాడు పట్టుకున్నారు. తోటలో సగం చెట్లు ఎండి నిలబడ్డాయి. కంచె అవతల అయ్యన్న వచ్చి నిలుచున్నాడు. వెనక అతని చేను దున్నకుండా, ఎండిన మిరప మోళ్లతో అట్లాగే ఉంది. కంచె పట్టుకొని అడిగాడు.

"నాది ఎప్పుడు చూస్తావు రామలింగప్పా?"

రామలింగప్ప నోరు తెరిచే లోపల గట్టు మీద కూర్చున్న వీరభద్ర మనిషి జవాబు చెప్పాడు. "అన్న చెప్పినప్పుడు చూస్తాడు. నువ్వు పో."

అయ్యన్న పోలేదు. రామలింగప్ప తల వంచి, గాలాన్ని కేసింగ్‌లోకి వదిలి, అడుగులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.